ఫోర్క్‌లిఫ్ట్ మొరాయిస్తే ఎవరికి అప్పగించాలి? పని చెడితే ఎవరిని అడగాలి?

ఒక ఆగస్టు మధ్యాహ్నం మా కోల్డ్ స్టోరేజీ గుమ్మం దగ్గర రెండు టన్నుల ఎలక్ట్రిక్ ఫోర్క్‌లిఫ్ట్ ప్యాలెట్‌ను సగం ఎత్తి ఆగిపోయింది. ప్యాలెట్ మీద ఎగుమతికి సిద్ధమైన రొయ్యల పెట్టెలు ఉన్నాయి. లోపల మైనస్ 18 డిగ్రీలు, బయట విశాఖ ఉక్కపోత. ఆపరేటర్ తాళం ఆపి మళ్ళీ తిప్పితే బండి పది అడుగులు కదిలి మళ్ళీ నిలిచిపోయింది. కబురు పంపితే వచ్చిన మెకానిక్ డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ చూసి, మోటార్లకు వెళ్ళే కరెంటును అదుపు చేసే కంట్రోలర్ పోయిందన్నాడు. కొత్తది వేయించాం. మూడు వారాల తర్వాత అదే గుమ్మం దగ్గర, సరిగ్గా అలాగే ఆగింది. ఈసారి వచ్చిన రెండో మెకానిక్ బ్యాటరీ ప్లగ్ విప్పి చూపించాడు. ఒక పిన్ను మాడి నల్లబడింది, పక్కన కేబుల్ కొసకు తొడిగే లోహపు లగ్గుకు పచ్చని చిలుము పట్టింది. బ్యాటరీలోని 24 సెల్స్‌లో ఒకటి బరువు పడగానే కూలిపోతోంది. తీసి పక్కన పెట్టిన పాత కంట్రోలర్‌లో ఏ లోపమూ లేదు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. తన తర్వాత ఇంకొకరు చేయి పెట్టారు కాబట్టి తనకు సంబంధం లేదని మొదటి మెకానిక్ అన్నాడు. కంట్రోలర్ అమ్మిన దుకాణం బిగించిన వస్తువును వెనక్కి తీసుకోనంది. కార్యాలయంలో కొందరు ఆపరేటర్‌ను నిందించారు. మా చేతిలో ఉన్న జాబ్ కార్డు మీద ‘కంట్రోలర్ మార్చబడింది’ అనే ఒక్క వాక్యం తప్ప ఏమీ లేదు. మొదటి రోజు బ్యాటరీ వోల్టేజీ ఎంత ఉందో, బరువు ఎత్తినప్పుడు ఎంతకు పడిందో ఎవరూ రాయలేదు. జరిగిందేమిటో అందరికీ అర్థమైంది కానీ రుజువు చేయడానికి అంకె లేదు. చివరికి మెకానిక్ కూలి డబ్బులు వెనక్కి ఇచ్చాడు. కంట్రోలర్ ఖర్చు మేమే భరించాం.

అప్పటి నుంచి మరమ్మతు ఎవరికి ఇవ్వాలని ఎవరు అడిగినా నేను ధరతో మొదలుపెట్టను. ఈ లోపానికి ఎవరు సరిపోతారు, పని చెడితే వారిలో ఎవరు నిలబడతారు అన్నవే రెండు ప్రశ్నలు. ఆ రెండింటికీ జవాబు స్పానర్ పట్టకముందు తీసి కాగితం మీద పెట్టిన కొలతలోనే ఉంటుంది. కింద రాసినదంతా ఆ కొలత చుట్టూ తిరిగేదే.

ఎవరినైనా పిలిచే ముందు

‘బండి ఆగిపోయింది, రండి’ అని ఫోన్ చేస్తే, వచ్చినవారు తమకు తెలిసిన భాగాన్నే ముందు అనుమానిస్తారు. మోటార్లు చుట్టేవారికి మోటారు, బోర్డులు బాగుచేసేవారికి బోర్డు, బ్యాటరీలు అమ్మేవారికి బ్యాటరీ కనిపిస్తుంది. అందులో దురుద్దేశం ఉండాలని లేదు, చేతి అలవాటు అలాంటిది. అందుకే లక్షణాన్ని మనమే సరిగా గుర్తించి చెప్పాలి.

బండి నడుస్తోంది, ఫోర్కులు మాత్రం లేవడం లేదు. ఈ మాట వినగానే పంపు మోటారు విప్పించి రీవైండింగుకు పంపినవారిని చూశాను. చాలా బండ్లలో ఛార్జి సుమారు 20 శాతానికి పడిపోతే లిఫ్ట్ పనిచేయకుండా కంపెనీయే అమరుస్తుంది. బ్యాటరీ మరీ లోతుగా ఖాళీ కాకుండా కాపాడే ఏర్పాటు అది. ముందు పూర్తిగా ఛార్జి పెట్టి చూడండి. అప్పటికీ లేవకపోతే లివరు కింద మైక్రోస్విచ్, పంపు కాంటాక్టర్ (పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్), డీసీ మోటారయితే కార్బన్ బ్రష్షులు, ఈ వరుసలో చూడాలి.

బండి అసలు కదలడం లేదంటే ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ నొక్కి ఉందా, సీటు కింది స్విచ్ పనిచేస్తోందా, హ్యాండ్‌బ్రేక్ స్విచ్ వదిలిందా అన్నవి చూడండి. తాళం తిప్పకముందే పెడల్ మీద కాలు ఉన్నా, దిశ లివరు ముందుకో వెనక్కో పడి ఉన్నా కంట్రోలర్ భద్రత కోసం కదలనివ్వదు. ఆపరేటర్‌ను దిగమని, లివరు న్యూట్రల్‌లో పెట్టి, తాళం ఆపి, మళ్ళీ కూర్చుని మొదటి నుంచీ మొదలుపెట్టమనండి. ఒక సర్వీస్ విజిట్ డబ్బులు మిగలవచ్చు.

ఖాళీగా బాగానే తిరుగుతుంది, బరువు ఎత్తగానే చతికిలబడుతుంది. మాకు జరిగింది ఇదే. ఇక్కడ కంట్రోలర్ పేరు ఎత్తే ముందు బ్యాటరీని కొలవాలి. 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో రెండేసి వోల్టుల సెల్స్ 24 ఉంటాయి. పూర్తిగా ఛార్జయి కాసేపు విశ్రాంతిగా ఉన్నప్పుడు మొత్తం దాదాపు 51 వోల్టులు, హైడ్రోమీటరులో ఆమ్ల సాంద్రత సుమారు 1.280 చూపాలి. కానీ నిశ్చలంగా ఉన్నప్పటి వోల్టేజీ చూసి సంతోషపడవద్దు. జబ్బు పడిన సెల్ కూడా బరువు లేనప్పుడు మామూలుగానే కనిపిస్తుంది. ఒకరు బరువు ఎత్తుతూ ఉండగా మరొకరు సెల్ తర్వాత సెల్ కొలవాలి. మిగతావన్నీ రెండు వోల్టుల దరిదాపుల్లో ఉండి ఒకటి ఒకటిన్నరకు జారితే దొంగ దొరికినట్టే. అన్ని సెల్సూ సమానంగా ఉండి కూడా కంట్రోలర్ దగ్గర వోల్టేజీ తగ్గితే లోపం దారిలో ఉంది. ప్లగ్ పిన్నులు, కేబుల్ లగ్గులు, కాంటాక్టర్ ముఖాలు చూడాలి. మన ఊళ్ళో ఉప్పు గాలి వీటిని ఎంత త్వరగా తింటుందో సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలోని సర్వీస్ ఇంజినీర్లకు ఒక పట్టాన అర్థం కాదు. కోల్డ్ స్టోరేజీలో పనిచేసే బండికి ఇంకో శత్రువు ఉంది. చల్లటి గది నుంచి బయటికి రాగానే లోహం మీద నీరు పట్టి కనెక్టర్లలోకి దిగుతుంది.

వేసవి మధ్యాహ్నాల్లో బండి గంటసేపు బాగా తిరిగి తర్వాత నెమ్మదిస్తే, కంట్రోలరో మోటారో వేడెక్కి తనంతట తానే కరెంటు తగ్గించుకుంటోందని అర్థం. ఫ్యాను, దుమ్ము పట్టిన హీట్‌సింకు చూడండి. బ్రేకు పట్టేసి ఉందేమో కూడా చూడండి. బ్రేకు లైనర్ సరిగా వదలకపోతే మోటారు రోజంతా ఏటవాలు ఎక్కుతున్నంత కరెంటు లాగుతుంది. పైకి అది విద్యుత్తు లోపంలా కనిపిస్తుంది కానీ మూలం మెకానికల్. ఏసీ మోటారు బండి కుదుపులతో కదులుతూ వేగం అందుకోకపోతే మోటారు కంటే ముందు వేగం చదివే ఎన్‌కోడర్‌ను అనుమానించాలి.

ఎర్రర్ కోడ్ గురించి ఒక మాట. నొప్పి ఎక్కడ తెలిసిందో కోడ్ చెబుతుంది, జబ్బు ఎక్కడుందో చెప్పదు. ‘వోల్టేజీ తక్కువ’ అన్న కోడ్ కంట్రోలర్ నుంచే వస్తుంది, అందుకు కారణం నాలుగు అడుగుల దూరంలోని ప్లగ్ కావచ్చు. కోడ్ ఫోటో తీసి ఉంచండి. కోడ్ చెరిపేసి చూద్దామని ఎవరైనా అంటే ఫోటో తీసిన తర్వాతే ఒప్పుకోండి.

ఈ కొలతలు తీసేవారి భద్రత నాకు అన్నిటికంటే ముఖ్యం. బండిని నడిపే ట్రాక్షన్ బ్యాటరీని ఆపే స్విచ్ అంటూ ఉండదు. ప్లగ్ పీకినా సెల్స్ మధ్య పట్టీల్లో కరెంటు బతికే ఉంటుంది. ఉంగరం, గడియారం, మెడ గొలుసు తీసేయాలి. ఆమ్లం చిమ్మితే కంటికి అద్దాలు అడ్డం ఉండాలి. ఛార్జింగ్ సమయంలో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వకు పేలుతుంది, కాబట్టి ఆ గదిలో గాలి ఆడాలి, బీడీ కనిపించకూడదు. ప్లగ్ తీసిన తర్వాత కూడా కంట్రోలర్ కెపాసిటర్లలో ఛార్జి నిలిచి ఉంటుంది. దాన్ని దింపే పద్ధతి తెలియనివారు మూత విప్పకూడదు. ఎత్తిన ఫోర్కుల కింద ఎవరూ నిలబడకూడదు. డ్రైవ్ చక్రాలను నేల నుంచి లేపకుండా ట్రాక్షన్ పరీక్ష చేయకూడదు.

డీలర్, ఆటోనగర్, మన మనిషి, అద్దె బండి

కంపెనీ అధీకృత డీలర్ దగ్గర ఉండేవి మూడు: వైరింగ్ డయాగ్రామ్, అసలు విడిభాగాలు, చేతి ప్రోగ్రామర్. మూడోదే ఎక్కువ విలువైనది. కంట్రోలర్ కర్టిస్ కంపెనీది అయినా జాపి కంపెనీది అయినా లోపలి సెట్టింగులు చూడాలన్నా మార్చాలన్నా దానికి సరిపోయే ప్రోగ్రామర్ కావాలి. కొత్త కంట్రోలర్ బిగించి, వేగం, బ్రేకింగ్, కరెంటు పరిమితులు ఆ బండికి తగ్గట్టు అమర్చకుండా వదిలేస్తే బండి నడుస్తుంది కానీ ప్రమాదకరంగా నడుస్తుంది. వారంటీలో ఉన్న బండి, లిథియం బ్యాటరీ బండి, స్టీరింగు, మాస్టు (ఫోర్కులు పైకీ కిందికీ జారే నిలువు చట్రం), బ్రేకు పనులు డీలర్‌కే ఇవ్వండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. డీలర్‌తో వచ్చే ఇబ్బంది ఆలస్యం. నిపుణుడైన ఇంజినీరు హైదరాబాదు నుంచో చెన్నై నుంచో రావలసి ఉంటే మీ సరుకు అంతదాకా ఆగదు. చిన్న భాగం పోయినా మొత్తం అసెంబ్లీ మార్చమనే ధోరణి కూడా ఉంది.

గాజువాక ఆటోనగర్‌లో స్వతంత్ర మెకానిక్ సాయంత్రానికి వచ్చేస్తాడు. మార్చడం కంటే బాగుచేయడం అతని పద్ధతి. కాంటాక్టర్, కార్బన్ బ్రష్, హైడ్రాలిక్ సీలు, హోసు, కేబుళ్ళ పని అతని చేతిలో చక్కగా కుదురుతుంది. డీసీ మోటారున్న పాత బండ్లకు నేను ఇప్పటికీ మొదట అతన్నే పిలుస్తాను. మా ప్లగ్‌లోని మాడిన పిన్ను కనిపెట్టింది కూడా అలాంటి చేయే. ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష పెట్టండి. కేబుల్ లగ్గు ఎలా నొక్కుతారని అడగండి. హైడ్రాలిక్ క్రింపింగ్ పరికరం చూపితే సగం నమ్మవచ్చు. లగ్గును సుత్తితో చదును చేసేవారికి వందల ఆంపియర్లు పారే పని ఇవ్వవద్దు, అది మళ్ళీ వేడెక్కుతుంది. డయాగ్రామ్ లేకుండా కొత్త ఏసీ బండిని విప్పుతానంటే మర్యాదగా వద్దనండి.

మన సొంత ఎలక్ట్రీషియన్ చేయవలసింది మరమ్మతు కంటే కాపలా. వారానికోసారి సెల్స్ రీడింగులు రాయడం, ఛార్జింగ్ పూర్తయ్యాక డిస్టిల్డ్ వాటర్ పోయడం, ప్లగ్ పిన్నులు తుడవడం, బ్యాటరీ పైభాగాన్ని పొడిగా ఉంచడం అతని పనులు. ఛార్జింగ్‌కు ముందే నిండా నీరు పోస్తే ద్రవం వ్యాకోచించి ఆమ్లం పొంగి పొర్లుతుంది. పొర్లిన ఆమ్లం బండి ఇనుమును తినడమే కాక బ్యాటరీ నుంచి బాడీకి కరెంటు లీకయ్యే దారి అవుతుంది. అంతుచిక్కని ఎర్రర్ కోడ్‌లలో కొన్ని అక్కడి నుంచే పుడతాయి. ఫోర్కులకు వెల్డింగు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చేయించకండి. వంపు తిరిగే మడమ దగ్గర మందం 10 శాతం అరిగితే ఆ ఫోర్కు పక్కన పెట్టవలసిందే. మాస్టు గొలుసు 3 శాతం సాగితే మార్చవలసిందే. సొంత మనిషి చేసిన పనికి బయట అడగడానికి ఎవరూ ఉండరు, బాధ్యత మొత్తం మనదే.

అద్దె బండిని చాలామంది లెక్కలోకే తీసుకోరు. మరమ్మతు తొందరపాటు లేకుండా జరగాలంటే వారం రోజుల అద్దె చాలాసార్లు చవకైన ఎంపిక. చట్టం కూడా ఇక్కడ అద్దెకు తీసుకున్నవారి పక్షాన ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 150వ సెక్షన్ ప్రకారం, అద్దెకిచ్చిన వస్తువులోని లోపం వల్ల నష్టం కలిగితే ఆ లోపం సంగతి తనకు తెలియదన్నా అద్దెకిచ్చినవారు బాధ్యులే.

వార్షిక ఒప్పందం తీసుకోవాలా

ఏఎంసీ, అంటే వార్షిక నిర్వహణ ఒప్పందం, రెండు రకాలు. కూలి మాత్రమే కలిసినది ఒకటి, విడిభాగాలు కూడా కలిసినది మరొకటి. రెండోది ఎక్కువ ధర కదా అన్నీ వస్తాయనుకుని సంతకం చేస్తే తర్వాత నొచ్చుకుంటారు. బ్యాటరీ, టైర్లు, సీటు, అరిగే భాగాలు చాలా ఒప్పందాల్లో మినహాయింపుల జాబితాలో ఉంటాయి. ‘తుప్పు వల్ల కలిగిన లోపాలు వర్తించవు’ అన్న వాక్యం ఉంటే విశాఖలో ఆ ఒప్పందానికి సగం విలువ పోయినట్టే. దాన్ని తీసేయమని అడగండి, లేదా ఏడాదికి ఎన్నిసార్లు కనెక్టర్లు శుభ్రం చేస్తారో అందులో రాయించండి. ఫిర్యాదు చేసిన ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, ఎన్ని రోజుల్లో బాగుకాకపోతే ప్రత్యామ్నాయ బండి ఇస్తారు అన్న రెండు అంకెలు లేని ఒప్పందం నా దృష్టిలో రసీదుతో సమానం.

రెండు మూడు పాత డీసీ బండ్లుంటే కూలి మాత్రమే ఉన్న ఒప్పందం, దానికి తోడు నమ్మకమైన ఆటోనగర్ మెకానిక్ చాలు. ఐదారు కొత్త ఏసీ బండ్లు రెండు షిఫ్టులు తిరిగే దువ్వాడ ఎస్ఈజెడ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) యూనిట్‌కు, పోర్టు దగ్గరి గిడ్డంగికి మాత్రం పూర్తి ఒప్పందమే మేలు.

కంట్రోలర్ నిజంగానే పోతే

కొత్తది కొనడం, బోర్డు బాగుచేయించడం, పాత బండి నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ కంట్రోలర్ వేయడం, ఈ మూడింటిలో కొత్తది ఖరీదైనా వారంటీ స్పష్టంగా ఉంటుంది. బోర్డు మరమ్మతులో పోయిన మాస్‌ఫెట్లు (కరెంటును అదుపు చేసే ట్రాన్సిస్టర్లు) మార్చి ఇస్తారు. సమర్థులు చేస్తే బాగానే పనిచేస్తుంది. కానీ పూర్తి కరెంటు మీద పరీక్షించారా, ఒట్టి బల్బు వెలిగించి ఇచ్చారా అన్నదే తేడా. బరువు మీద పరీక్షించిన రీడింగు ఇవ్వమనండి. సెకండ్ హ్యాండ్‌ది అత్యవసరంలో కొన్ని రోజులకు తప్ప నేను వేయించను. లోపలి సెట్టింగులు వేరే బండివి, గతం ఎవరికీ తెలియదు.

ఏది ఎంచుకున్నా పాతది ఎందుకు పోయిందో తేలకుండా బిగించనివ్వవద్దు. బ్రేకు పట్టేసిన బండికి, పిన్ను మాడిన ప్లగ్‌కు కొత్త కంట్రోలర్ వేయడమంటే దాన్ని కూడా బలి ఇవ్వడమే.

బ్యాటరీ మార్పు: బరువు మరిచిపోతే ప్రమాదం

ఫోర్క్‌లిఫ్ట్‌లో బ్యాటరీ కరెంటు ఇవ్వడంతో ఆగదు, ముందు ఎత్తిన బరువుకు వెనుక సమతూకంగా కూడా ఉంటుంది. బండి మీది ప్లేటులో బ్యాటరీ కనీస బరువు రాసి ఉండేది అందుకే. లెడ్ యాసిడ్ తీసి లిథియం పెట్టించుకోవాలన్న ఆసక్తి ఇప్పుడు పెరుగుతోంది. నీరు పోసే పని ఉండదు, టీ విరామంలో కూడా ఛార్జి పెట్టుకోవచ్చు. రెండు షిఫ్టుల యూనిట్లకు అది మంచి ఎంపికే. కానీ లిథియం తేలిక. తగ్గిన బరువుకు బదులు దిమ్మె వేయకపోతే రేపు నిండు ప్యాలెట్ ఎత్తినప్పుడు వెనుక చక్రాలు లేస్తాయి. మార్పిడి చేసేవారు బరువు లెక్క, ఛార్జర్ మార్పు, బ్యాటరీ నిర్వహణ వ్యవస్థకు కంట్రోలర్‌తో ఉన్న అనుసంధానం, తయారీదారు అంగీకారం లిఖితంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ బేరం వదిలేయండి.

ఒకే షిఫ్టు నడిచేచోట, ఎనిమిది గంటల ఛార్జి, ఆ తర్వాత చల్లారే సమయం దొరికేచోట లెడ్ యాసిడ్‌కు వచ్చిన లోటేమీ లేదు. ఖాళీ బ్యాటరీని రోజుల తరబడి వదిలేస్తే మాత్రం పలకల మీద సల్ఫేటు గట్టిపడి సామర్థ్యం తిరిగి రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరం రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్న సంగతి గుర్తుంది కదా. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే బ్యాటరీలన్నీ నింపి పెట్టడం, ఛార్జరుకు సరిపడే జనరేటర్ చూసుకోవడం మన తీరంలో అవసరమైన జాగ్రత్త. పాత బ్యాటరీని తూకానికి అమ్మేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం అది నమోదైన రీసైక్లర్‌కు చేరాలి.

పని చెడితే బాధ్యత ఎవరిది

ముందు విడిభాగం ఎవరు తెచ్చారో చూడండి. మెకానిక్ తనే తెచ్చి బిగించి బిల్లు వేస్తే భాగానికీ పనికీ అతనే జవాబుదారీ. డబ్బు మిగులుతుందని భాగాన్ని మనమే కొని చేతికిస్తే, ఆ భాగం నాణ్యత గురించి 1930 నాటి వస్తు విక్రయ చట్టం కింద అడగవలసింది అమ్మిన దుకాణాన్ని, బిగించినవారిని కాదు. బిగింపు చెడిందా భాగం చెడిందా అని ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకునే పరిస్థితి అక్కడే పుడుతుంది. కొంచెం ఎక్కువైనా ఇద్దరి బాధ్యతనూ ఒకే బిల్లులోకి తెచ్చే ఎంపికనే నేను సిఫారసు చేస్తాను.

బండినో కంట్రోలర్‌నో వర్క్‌షాపుకు పంపితే అది వారి సంరక్షణలో ఉన్నట్టు. కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, సాధారణ వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా దాన్ని చూసుకోవాలి. అక్కడ నీటిలో తడిసి పాడైతే వారిని అడగవచ్చు. అదే చట్టంలోని 170వ సెక్షన్ వారికీ ఒక హక్కు ఇస్తుంది. అప్పగించిన పని ప్రకారం శ్రమ, నైపుణ్యం పెట్టినవారు తమ కూలి అందేవరకు ఆ వస్తువును అట్టిపెట్టుకోవచ్చు. కాబట్టి గొడవ పడి డబ్బు ఆపేసి బండి వెంటనే తెచ్చుకుంటామంటే కుదరదు. పంపే ముందే అంచనా మొత్తం లిఖితంగా ఖాయం చేసుకోవాలి.

నష్టపరిహారం దగ్గర చాలామంది ఆశ పెట్టుకుని నిరాశపడతారు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద మామూలుగా కలిగే నష్టం వస్తుంది కానీ దూరపు, పరోక్ష నష్టం రాదు. ప్రత్యేక నష్టం రావాలంటే, పని ఒప్పుకునే సమయానికే దాని సంగతి ఎదుటివారికి తెలిసి ఉండాలి. ‘శుక్రవారం కంటెయినర్ పోర్టు చేరాలి, ఈ బండి నిలిస్తే సరుకు పాడవుతుంది’ అని పని ఇచ్చే రోజే ఒక సందేశం పంపండి. నష్టం తగ్గించుకోవడానికి మీరేం చేశారన్న ప్రశ్న కూడా వస్తుంది. బదులు బండి అద్దెకు తెచ్చి ఉంటే ఆ బిల్లే మీ జవాబు. డీలర్ ఒప్పందాల్లో పరిహారాన్ని ఒప్పంద విలువకే పరిమితం చేసే షరతు సాధారణంగా ఉంటుంది. సంతకానికి ముందు వెతికి చదవండి.

ఎక్కడికి వెళ్ళాలన్నది మరో చిక్కు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనం కోసం తీసుకున్న సేవను దాదాపుగా తన పరిధికి బయటే ఉంచుతుంది. ఒకే బండి పెట్టుకుని తన పొట్ట తాను పోసుకునే స్వయం ఉపాధిదారుకు మాత్రం ఆ తలుపు తెరిచే ఉంది, గడువు రెండేళ్ళు. మిగతావారికి సివిల్ దారే. మూడేళ్ళ లోపు దావా వేయాలి. మూడు లక్షల రూపాయలు, అంతకు మించిన వాణిజ్య వివాదాలకు వాణిజ్య కోర్టుల చట్టం వర్తిస్తుంది. అత్యవసర ఉపశమనం అడగకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఒప్పందంలో కోర్టు పరిధి ఏ ఊరిదో కూడా చూసుకోండి. పరవాడ, అచ్యుతాపురం యూనిట్లు 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. డీలర్ ముద్రించిన షరతుల్లో చెన్నై అని ఉంటే చిన్న మొత్తానికి అంత దూరం ఎవరూ వెళ్ళరు.

చిన్న వర్క్‌షాపులతో వ్యవహరించేవారు తప్పక తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. మెకానిక్ ఉద్యమ్‌లో (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు పోర్టల్) నమోదైన సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం 45 రోజులకు మించి బిల్లు ఆపడానికి వీల్లేదు. ఆపితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. పని నచ్చకపోతే 15 రోజుల్లోపు లిఖితంగా అభ్యంతరం తెలపాలి. నోటితో తిట్టి ఊరుకుంటే ఆ చట్టం దృష్టిలో మీరు పనిని అంగీకరించినట్టే. ఇది మెకానిక్‌కు న్యాయమైన రక్షణ అని నేను నమ్ముతాను. బిల్లులు ఆరు నెలలు ఆపే యూనిట్లు మంచి మెకానిక్‌లను పోగొట్టుకోవడం కళ్ళారా చూశాను.

ప్రమాదం జరిగి మనిషి గాయపడితే ఈ పంపకాలన్నీ వెనక్కి వెళతాయి. పనిచేసే చోట యంత్రం సురక్షితంగా ఉంచే బాధ్యత యాజమాన్యానిదే. మెకానిక్ మీద తర్వాత ఎంత రాబట్టుకున్నా కార్మికుడికి, కుటుంబానికి ముందు జవాబు చెప్పవలసింది మనమే. అందుకే బ్రేకు, స్టీరింగు, మాస్టు పనుల్లో చవక ఎంపిక అనే మాటే నేను ఎత్తను.

జాబ్ కార్డు, రెండోసారి ఆగిన రోజు

మా జాబ్ కార్డులో ఇప్పుడు ఇవి లేకుండా పని మొదలు కాదు: గంటల మీటరు రీడింగు, ఎర్రర్ కోడ్, బరువు లేకుండానూ బరువుతోనూ వోల్టేజీ, బలహీనమైన సెల్ సంఖ్య, మెకానిక్ తేల్చిన కారణం అతని మాటల్లో, మార్చిన భాగం సీరియల్ నంబరు, పాత భాగం తిరిగి ఇచ్చారా, పని తర్వాత మళ్ళీ అవే కొలతలు, ఎన్ని రోజుల హామీ, ఇద్దరి సంతకాలు. మెకానిక్ ‘కేబుల్ కూడా మార్చాలి’ అని చెప్పి మనం వద్దంటే అదీ అందులోనే రాయాలి, అది అతనికి రక్షణ. మొదట్లో ఇద్దరు మెకానిక్‌లు ఇంత రాతపని ఎందుకని విసుక్కున్నారు. ఇప్పుడు వారే కొలిచి రాయందే స్పానర్ తీయరు.

అదే లోపం తిరిగి వస్తే ఆ రోజు మరొకరితో బండి విప్పించకండి, మా తప్పు అక్కడే జరిగింది. ప్లగ్ తీసి, తాళం దాచి, బోర్డు తగిలించండి. కోడ్, కనెక్టర్లు, మీటరు ఫోటోలు తీయండి. మొదట పని చేసినవారికి వచ్చి చూడమని తేదీతో సందేశం పంపి సహేతుకమైన గడువు ఇవ్వండి, మా యూనిట్‌లో అది రెండు పని దినాలు. వారు రాకపోతేనో, వచ్చి కాదంటేనో మూడో వ్యక్తిని పిలవండి. విప్పే సమయంలో మొదటివారికి కబురు చేయండి, రాకపోయినా వీడియో తీయండి. పాత భాగాలను పేరు, తేదీ రాసిన సంచిలో కట్టి స్టోర్‌లో పెట్టండి. ఈలోగా సరుకు ఆగకుండా అద్దె బండి తెప్పించి, దాని బిల్లును అదే ఫైలులో చేర్చండి.